భక్తుని ఋణము – భగవంతుని చెల్లుచీటి

భద్రాచలమును సేవించు యాత్రికులు గోదావరీస్నానము చేసి, కొండ మెట్లెక్కి, వైకుంఠరాముని దర్శించి, పిదప కంచెర్ల గోపన్న చేయించిన నగలను కన్నులార చూతురు. ఆ సమయమున పలువురి మనస్సులలో ఒక సందేహము పొడముచుండును. ఇంతటి భక్తుని చెరలో పెట్టించిన తానీషాది దోషమా? సర్కారు సొమ్మును గుడికి వెచ్చించిన గోపన్నది దోషమా? ఇట్లు తలచుట అపచారమని భయపడ నక్కరలేదు. సమాధానము ఆ మహనీయుని కథలోనే కలదు.

గోపన్న ఖమ్మం ప్రాంతమందలి నేలకొండపల్లి వాస్తవ్యుడు. గోలకొండ ప్రభువులలో కడపటివాడైన అబుల్ హసన్ తానీషా 1672 మొదలు 1687 వరకు పాలించెను. ఆయన కొలువున మంత్రాంగము నెరపిన అక్కన్న మాదన్నలకు గోపన్న మేనల్లుడని ప్రసిద్ధి. ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నియుక్తుడయ్యెను. ప్రజలు చెల్లించిన శిస్తును ఖజానాకు చేర్చుట ఆయన ఉద్యోగము. భద్రాద్రిపై నీడలేక యున్న స్వామిని చూచి ఆయన హృదయము ద్రవించెను. వసూలైన సొమ్ముతో ఆలయము కట్టించెను, ఆభరణములు చేయించెను. ఆరు లక్షల వరహాలు ఖజానాకు చేరలేదనియు, అందులకై గోపన్న పండ్రెండేండ్లు గోలకొండ చెరలో మ్రగ్గెననియు ఐతిహ్యము.

ఇచట రెండు ధర్మములు ఎదురుపడినవి. స్వామికైంకర్యము భక్తునికి ధర్మము. చేతికి వచ్చిన ప్రజాధనమునకు లెక్క చెప్పుట ఉద్యోగికి ధర్మము. సమస్తము భగవంతునిదే కదా, ఆయన సొమ్ము ఆయనకే అర్పించిన తప్పేమి యని కొంద రందురు. సమస్తము ఆయనదే, నిజము. కాని ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పనికై దానిని ఉంచినాడు. జీవుడు శేషభూతుడనియు, తనదని చెప్పుకొనుటకు వానికేమియు లేదనియు మన సిద్ధాంతము. అట్టి శేషుడు పరుల సొమ్మును తనదిగా నెంచి సమర్పించుట యెట్లు పొసగును? ఆ శిస్తు వైష్ణవుడును శైవుడును మహమ్మదీయుడును కలిసి చెల్లించినది.

ఇక స్వామి ఏమి చేసెనో చూడుడు. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ అను పేర్లతో రాత్రివేళ తానీషా కడకేగి, ఆరు లక్షలును చెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొనిరని పెద్దలు చెప్పుదురు. సంకల్పమాత్రమున చెరసాల తలుపులు తెరువగల ప్రభువు ఆ పని చేయలేదు. తన గుడికే వెచ్చించినాడు గనుక బాకీయే లేదని వాదింపలేదు. పైకము కట్టి చీటి పుచ్చుకొనెను. భక్తుని ప్రేమను స్వీకరించెను; ఉద్యోగి బాకీని మాత్రము కాదనక తీర్చెను. చెరలో పిలిచి పిలిచి అలసిన భక్తునికంటె ముందుగా, లెక్క అడిగిన తానీషాకే ఆ దివ్యదర్శనము లభించినదట! అందలి మర్మము ఆలోచింపదగినది.

వాల్మీకి రామాయణమున భరతుని చరిత్ర దీనికి తోడుగా నిలుచును. పదునాలుగేండ్లు ఆయన నందిగ్రామమున జటావల్కలధారియై, పాదుకలకు విన్నవించి రాజ్యము నడపెను. రాజ్యమును న్యాసముగా, అనగా తన యొద్ద దాచబడిన సొమ్ముగా భావించెను. అన్నగారు మరలి వచ్చినంతనే ధనాగారమును, ధాన్యాగారమును, సేనను చూచుకొమ్మని అప్పగించెను. అవి పదింతలైనవి, అదియు రాముని తేజస్సు చేతనే యని విన్నవించెను. భక్తియు లెక్కయు ఆయన యందు వేరుపడలేదు.

నేటి ఉద్యోగికిని ఇదియే మార్గము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 25వ అధికరణమున ఎవరి మతము వారు ఆచరించు స్వేచ్ఛ నిచ్చినది. ఒక్క మతము పెంపుదలకే ప్రత్యేకించిన పన్నును చెల్లింపుమని ఎవరిని నిర్బంధింపరాదని 27వ అధికరణము చెప్పుచున్నది. మంత్రి పదవి స్వీకరించువాడు భగవంతుని పేరనో, మనస్సాక్షిగనో, భయపక్షపాతములు, రాగద్వేషములు లేక అందరికిని న్యాయము చేయుదునని ప్రమాణము చేయును. భగవంతుని సాక్షిగా పలికిన ఆ మాటను నిలుపుకొనుటయే ఆయనకు ఆరాధనము కాదా? నొసటి ఊర్ధ్వపుండ్రము కచేరీపనికి అడ్డము రాదు. ఏకాదశీ ఉపవాసము అడ్డము రాదు. అన్యమతస్థుని అర్జీ బల్లమీద ఆగిపోయిననాడు మాత్రము ఆ తిరుమణికే మచ్చ కలుగును. స్వామికి సమర్పింప దలచినవాడు తన జీతములోనుండి ఒక్క తులసిమాల సమర్పించిన చాలును. అది నిండు కైంకర్యము.

రామదాసు భక్తి అందరికిని ఆదర్శము. ఆయన బాకీని తీర్చుటకు సాక్షాత్తు రాముడే దిగివచ్చెను. ఆ శ్రమ స్వామికి మరల కలుగకుండ చూచుకొనుట ఉద్యోగములందున్న భక్తుల విధి. భద్రాద్రిలో నగలను చూచువారు కంటికి కానరాని ఆ చెల్లుచీటిని కూడ తలచుకొందురు గాక!