ధ్రువసీమకు చమురు మోసిన నౌక

మిన్నెసోటా అమెరికా నడుమనున్న వ్యవసాయసీమ. సముద్రము అచ్చటికి మిక్కిలి దూరము. అట్టి చోట సముద్రమునకు పోవు ఓడలు తయారగునని ఎవరూహింతురు? అయినను, రెండవ ప్రపంచ యుద్ధకాలమున కార్గిల్ అను ధాన్య వ్యాపార సంస్థ సావేజ్ అను ఊరిచెంత నది యొడ్డున కర్మాగారమును నెలకొల్పి, నౌకాదళమునకు చమురు ఓడలను కట్టి యిచ్చెను. వానిలో నొకటి 'నామకాగన్'. దాని పొడవు సుమారు 310 అడుగులు. 1944లో జలప్రవేశము చేసిన ఆ ఓడ పిదప మిసిసిపీ నది వెంబడి దిగి సముద్రమును చేరెను.

1962లో అమెరికా దానిని న్యూజీలాండ్ నౌకాదళమున కొప్పగించగా, అది 'ఎండెవర్' అను పేరు దాల్చెను. ఆ పేరు క్రొత్తది కాదు. పూర్వము కెప్టెన్ కుక్ పయనించిన ఓడ పేరదియే. ఎవరెస్టు శిఖరము నెక్కిన హిల్లరీ బృందమును 1956లో అంటార్కిటికాకు గొనిపోయిన కొయ్య ఓడ పేరును అదియే. క్రొత్త ఎండెవర్ పని మాత్రము చమురు మోయుట. అట్టి ఓడలకు కీర్తి తక్కువ, అక్కర ఎక్కువ.

అంటార్కిటికాలోని రాస్ ద్వీపమున అమెరికావారి మెక్‌మర్డో కేంద్రము, న్యూజీలాండ్ వారి స్కాట్ స్థావరము కలవు. అచ్చట శీతకాలమున ఇంచుమించు నాలుగు నెలలు సూర్యుడు పొడచూపడు. పొయ్యిలో పెట్టుటకు పుల్లయైనను దొరకదు. వెచ్చదనమునకు, దీపమునకు, వాహనములకు, మంచును కరగించి త్రాగునీరు చేసికొనుటకు సైతము ఆనాడు ముఖ్యముగా చమురే దిక్కు. కొలదివారముల వేసవిలో తొట్లు నిండవలెను. నిండనిచో శీతకాలమున అచ్చట నిలుచుట ప్రాణములతో చెలగాటమే.

న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుండి మెక్‌మర్డోకు సుమారు 3,800 కిలోమీటర్లు. తుపానులకు పేరుమోసిన దక్షిణ సముద్రమును దాటిన పిదప గడ్డకట్టిన సముద్రము ఎదురగును. మంచును చీల్చు ఓడలు ముందేగి త్రోవ చేయవలెను. గాలి మరలిన, ఆ త్రోవ తిరిగి మూసికొనిపోవును. కనుక చమురు ఓడ మెల్లమెల్లగా వాని వెనుకనే నడువవలెను. ఒడ్డు చేరినపిమ్మట చమురును గొట్టముల ద్వారా తొట్లకు తోడుదురు. సాధారణపు డీజిలు మిక్కిలి చలికి మైనము కట్టి గొట్టముల నడ్డగించును; అందుచే చలికి చిక్కబడని ఇంధనము కావలెను.

చమురు బెడద తగ్గింపదలచి అమెరికావారు 1962లోనే మెక్‌మర్డోలో అణువిద్యుత్ యంత్రము నెలకొల్పిరి. దానికి చిక్కులు మెండయ్యెను. 1972లో అది శాశ్వతముగా ఆగిపోయెను. అంతకు ముందే, 1971లో, ఎండెవర్ న్యూజీలాండ్ కొలువు చాలించి తైవాన్ నౌకాదళమున చేరెను. మెక్‌మర్డోకు మాత్రము నేటికిని ఏటేటా వేసవిలో చమురు ఓడ పోవుచునే యున్నది.