సిఫారసు చేనికి చేరు మార్గము

ప్రభుత్వము విచారణ సంఘమును నియమించినదని వినగానే, దానివలన మనకొరుగునదేమని పెదవి విరచువారు పెక్కురు. నివేదికను చదువు విధము తెలిసినచో దానివలన మేలు పొందవచ్చును. ప్రతి నివేదికకు మూడు ప్రశ్నలు వేయవలెను. కనుగొన్న నిజమేమి? చేసిన సిఫారసేమి? అది అమలులో ఎచ్చట ఆగినది? కౌలు రైతు అప్పునే ఉదాహరణముగా గ్రహింతము.

అప్పుల బాధచే రైతులు ప్రాణములు తీసికొనుచుండిన కాలమున, 2004లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్థికశాస్త్రజ్ఞురాలగు జయతీ ఘోష్ అధ్యక్షతను రైతు సంక్షేమ కమిషనును నియమించెను. సాగు చేయువాడొకడు, కాగితమున పేరు గలవాడు మరియొకడు. పెట్టుబడియు నష్టమును కౌలుదారునివి. బ్యాంకు అప్పును పరిహారమును పట్టాదారు పేరిటివి. ఇదియే నిజము. కౌలుదారులను గుర్తించి, నమోదుచేసి, వారికిని బ్యాంకు అప్పు అందునట్లు చేయవలెననుట సిఫారసు.

దీని విలువను లెక్కవేసి చూడుడు. 50,000 రూపాయలను నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చినచో 8 నెలలకు వడ్డీ 8,000 రూపాయలు. అదే సొమ్మునకు సాలుకు నూటికి 7 వంతున సుమారు 2,333 రూపాయలు మాత్రమే. మిగులునది కౌలుదారుని పిల్లల తిండిగింజలు.

ఆ వెనుక 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టము వచ్చెను. కౌలుదారునకు రుణ అర్హత కార్డు లభించెను. కాని కార్డు పొందిన వారందరికిని అప్పు పుట్టలేదు. కార్డువలన భూమిపై హక్కు కలుగదని చట్టము చెప్పినను, పట్టాదారుని భయము తీరలేదు. అదే భూమిపై పట్టాదారు ముందే అప్పు తీసికొనియుండుటచే బ్యాంకులును వెనుదీసెను. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమును, దానిపై పట్టాదారుని సంతకమును విధించెను. పట్టాదారునకు ధైర్యము కలిగినది; కాని సంతకము దొరకని కౌలుదారునకు పత్రమే దొరకదాయెను.

ఇందువలన తెలియునదేమన, చట్టము కార్డు నీయగలదు గాని నమ్మకము నీయలేదు. ఏ చేను ఎవరు దున్నుచున్నారో ఊరివారికి తెలిసినంతగా ఏ కచేరికిని తెలియదు. కావున సహకార సంఘము చేయదగిన పనులు కలవు.

మొదటిది, సాగు ఆరంభమునకు ముందే నిజమైన సాగుదారుల పట్టికను వ్రాసికొనుట. రెండవది, పట్టాదారులను పిలిచి, ఆ పత్రము కౌలుదారునకు భూస్వామ్యము నొసగదని విడమరచి చెప్పుట. మూడవది, 4 మొదలు 10 మంది వరకు కౌలుదారులు ఒకరికొకరు పూచీపడి తనఖా లేకయే అప్పు పొందుటకు నాబార్డు ఏర్పరచిన ఉమ్మడి బాధ్యతా బృందములను కూర్చుట. నాలుగవది, అప్పు నిరాకరింపబడినప్పుడు కారణమును తేదీతో మినిట్సు పుస్తకమున వ్రాయుట.

ఈ నాలుగవ పనిని తేలికగా నెంచరాదు. రేపు మరియొక విచారణ సంఘము వచ్చినప్పుడు, మన మాటకంటె మన పుస్తకమునకు విలువ యెక్కువ. సభ్యులారా! రాబోవు మహాజనసభలో మన సంఘపు పట్టికలో కౌలుదారులెందరని అడుగుడు.