చెప్పేవాళ్లు సరే, చూసేవాళ్లేరీ?

కొత్త పని నేర్చుకోవాలంటే ఈ రోజుల్లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. పైథాన్ నుంచి జీఎస్టీ రిటర్నుల దాకా దేనికైనా యూట్యూబ్‌లో తెలుగు వీడియోలున్నాయి. దాంతో ఇక మెంటార్ ఎందుకనేవాళ్లు పెరిగారు. వాళ్ల లెక్కలో మెంటార్ అంటే సమాచారం ఇచ్చే మనిషి. పొరపాటు అక్కడే ఉందని నా ఉద్దేశం. మెంటార్ అసలు పని మనం చేస్తున్నది చూడడం. వీడియో మనకు కనిపిస్తుంది, మనం వీడియోకి కనిపించం.

సమాచారం ఒక్కటే చాలదనడానికి బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త హ్యారీ కాలిన్స్ 1970లలో చేసిన పరిశీలన గట్టి ఆధారం. టీఈఏ లేజర్ అనే కొత్త పరికరాన్ని తయారుచేయాలని అప్పట్లో బ్రిటన్ ప్రయోగశాలలు పోటీపడ్డాయి. పరిశోధనా పత్రాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. వాటిని మాత్రమే చదివి లేజర్‌ను పనిచేయించినవాళ్లు ఒక్కరూ ఆయనకు కనబడలేదు. అప్పటికే దాన్ని తయారుచేసినవాళ్లతో రాకపోకలున్నవాళ్లే నెగ్గారు. వీళ్లేమీ కొత్త విద్యార్థులు కారు, చేయితిరిగిన శాస్త్రవేత్తలు. కెపాసిటర్ నుంచి వెళ్లే తీగ పొట్టిగా ఉండాలన్నంత చిన్న సంగతి దగ్గర కూడా పని ఆగిపోయేది.

చేయి తిరిగాక కూడా ఈ అవసరం తీరదు. అమెరికన్ సర్జన్ అతుల్ గవాండే ఎనిమిదేళ్ల అనుభవం తర్వాత, ఒకప్పుడు తనకు పని నేర్పి రిటైరైన రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ థియేటర్‌కు పిలిచి తన పని చూడమన్నారు. ఆ సంగతి 2011లో న్యూయార్కర్ పత్రికలో రాశారు. థైరాయిడ్ ఆపరేషన్ చక్కగానే జరిగింది. అయినా ఆస్టీన్ కాగితం నిండిపోయింది. మోచేయి మాటిమాటికీ పైకి లేస్తోంది, అలా లేస్తే చేతిలో నిలకడ తగ్గుతుంది. గుడ్డలు పరిచిన తీరువల్ల ఎదుటి అసిస్టెంట్‌కు చోటు చాల్లేదు. పైలైటు పక్కకు జరిగిపోతే చాలాసేపు తిరుగు వెలుతురులోనే పని సాగింది. ఇవి గవాండేకు తెలియని విషయాలేం కావు. చేసేవాడి కళ్లు కత్తి మొన మీదే ఉంటాయి మరి.

ఏకలవ్యుడి సంగతేమిటని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. విలువిద్యలో గురి తప్పితే ఆ క్షణమే తెలుస్తుంది. అలా ఫలితం వెంటనే కళ్లబడే పనుల్లో ఒంటరిగా చాలా దూరం పోవచ్చు, కాదనను. కానీ ప్రోగ్రామ్ నడిచినంత మాత్రాన కోడ్ బాగున్నట్టు కాదు గనకే సాఫ్ట్‌వేర్ సంస్థలు కోడ్ రివ్యూ పెట్టుకున్నాయి. ఆడిట్‌లో చూడకుండా వదిలేసిన ఓచరు, దావాలో రాయడం మరిచిన అంశం ఏళ్ల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. సీఏ చదువులో ఆర్టికల్‌షిప్‌ను 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించారే తప్ప ఎత్తేయలేదంటే ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

సీనియర్ల దగ్గర చేరితే చాకిరీయే మిగులుతుందన్న ఫిర్యాదు ఇంకా బలమైనది. కేసుకట్టలు మోస్తూ, వాయిదాలు అడుగుతూ ఏళ్లు గడిపే జూనియర్ లాయర్లు మనకు తెలియనివాళ్లు కారు. అక్కడ సీనియర్ ఉంటారు గానీ, జూనియర్ రాసింది చదివే తీరిక ఆయనకు ఉండదు. అందుకే పెద్ద పేరు వెంట పడడంకన్నా, మన పని తెరిచి చూసే ఓపిక ఉన్నవాళ్లను పట్టుకోవడం మేలు, రెండేళ్లు ముందు చేరిన సహోద్యోగి అయినా సరే. “కాస్త గైడెన్స్ ఇవ్వండి సార్” అంటే ఎంత మంచాయనైనా నాలుగు మంచిమాటలు చెప్పి పంపేస్తారు. “ఈ రెండు పేజీల్లో మీరైతే ఏం కొట్టేస్తారు సార్?” అని కాగితం చేతికిస్తే మాత్రం పెన్ను తీయక తప్పదు.