తొమ్మిది రోజుల సీజన్

విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకలను వేటాడే ప్రధాన సీజన్ ఏటా తొమ్మిది రోజులే. నవంబరులో థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం మొదలై, పండగ తర్వాతి ఆదివారంతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఐదు లక్షల మందికి పైగా నారింజ రంగు కోట్లు వేసుకుని అడవుల్లో, పొలంగట్ల మీద కూర్చుంటారు. పొద్దు కుంకాక ఎవరి క్యాబిన్‌కు వాళ్ళు చేరతారు. దాన్నే ఇక్కడ డీర్ క్యాంప్ అంటారు. బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టి, ఆ రోజు ఏం చూశారో, ఏం చేశారో, ఎక్కడ పొరబాటు జరిగిందో ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. పాడి రైతులు, లారీ డ్రైవర్లు, బడి పంతుళ్ళు ఆ పొయ్యి చుట్టూ కూర్చుంటారు. నాకు తెలిసిన వేటంతా వాళ్ళ మాటలు వింటూ నేర్చుకున్నదే.

ఈ మధ్య మన తెలుగు పిల్లలు కూడా ఇక్కడ వేట లైసెన్సులు తీసుకుంటున్నారు. ఏ రైఫిల్ కొనాలి, ఏ స్కోప్ మంచిది అని ఫోన్ చేసి అడుగుతున్నారు. దుకాణంలో ఎవరైనా చెప్పే సంగతులవి. దుకాణంలో చెప్పనివి కొన్ని ఉన్నాయి, వాటి కోసమే ఇది రాస్తున్నాను.

1. ముందు మీ కాగితాలు చూసుకోండి.

హెచ్-1బి, విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. విస్కాన్సిన్ లైసెన్సు గడువు మార్చి 31తో తీరిపోతుంది. రైఫిల్ అల్మారాలో ఉండి, లైసెన్సు గడువు దాటిపోతే ఆ మినహాయింపు కూడా పోయినట్టే. స్నేహితుడి తుపాకీ ఒక్కసారి చేత్తో పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు, చట్టం అలా చూడదు. అనుమానం ఉంటే వేట మాట తలపెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.

1973 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళు లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ చూపాలి. ఈ చదువు రాష్ట్రంలో 1967లో మొదలైంది. ఆన్‌లైన్‌లో చదవచ్చు గాని, నా మాట విని ఊళ్ళో జరిగే క్లాసుకే వెళ్ళండి. అక్కడ పాఠం చెప్పేది ఆ చుట్టుపక్కల నలభయ్యేళ్ళుగా వేటాడుతున్న మనిషే అయివుంటాడు.

2. "జింకను ఎలా చంపబుద్ధి అవుతుంది?" అని ఇంట్లో అడుగుతారు. నిజాయితీగా జవాబు చెప్పగలగాలి.

అడగాల్సిన ప్రశ్నే అది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అక్కడ ఆ చట్టం ఉండి తీరాలి. సెలవులకు ఇంటికెళ్ళి, అమెరికాలో వేటాడాను కదా అని ఎవరి వెంటో రాత్రిపూట లైటు పట్టుకుని పొలాల మీదికి పోయేవాడు వేటగాడు కాడు, దొంగ.

ఇక్కడి కథ వేరు. 1900 నాటికి అమెరికా మొత్తం మీద తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవని అంచనా. తోళ్ళకూ మాంసానికీ సంతలో అమ్ముకునే వేట వాటిని ఆ స్థితికి తెచ్చింది. అప్పుడు చట్టాలు తెచ్చారు, సీజన్లు పెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం చేసి, రైఫిళ్ళ మీద, తూటాల మీద వచ్చే 11 శాతం పన్ను డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇస్తున్నారు. ఇప్పుడు ఆ జింకలు దాదాపు మూడు కోట్లు. తోడేళ్ళు లేని చోట వాటిని అదుపు చేసేది వేటగాడు, చలికాలపు ఆకలి, హైవే మీద కారు. అవి ఎక్కువైన చోట అడవి కింద మొలకలు మిగలవు. ఓక్ మొక్క మోకాలెత్తుకు రాకముందే మేసేస్తాయి.

ఆల్డో లియోపోల్డ్ అని మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి నిర్వహణ బోధించిన ఆచార్యుడు ఉండేవాడు. వయసులో తోడేళ్ళను కాల్చమన్నవాడే, అవి పోయిన కొండల మీద జింకలు పెరిగి, అడవిని తిని, ఆకలితో చావడం చూసి మనసు మార్చుకున్నాడు. విస్కాన్సిన్‌లో 1943లో కొమ్ములు లేని జింకలను కూడా వేటాడనివ్వాలన్న నిర్ణయానికి మద్దతిచ్చాడు. ఆడ జింకను కాల్చడమేమిటని జనం మండిపడ్డారు. ఇప్పుడు ప్రాంతాల వారీగా కొమ్ములు లేని జింకల పర్మిట్లు ఇవ్వడం మామూలైపోయింది. మంద సంఖ్య నిలిచేదీ తగ్గేదీ ఆడవాటిని బట్టే. ఒక మగ జింక పోతే మరొకటి ఆ పని చూసుకుంటుంది. కాబట్టి పెద్ద కొమ్ముల కోసమే కూర్చునే మనిషి తన సరదా తీర్చుకుంటున్నాడు గాని అడవికి చేసే మేలు తక్కువ. ఈ మాట మా క్యాంపులో అంటే సగం మంది ఒప్పుకోరు. అయినా నా మాట అదే.

3. తుపాకీలో తూటా లేదని కంటితో చూసి నమ్మవద్దు.

క్లాసులో నాలుగు సూత్రాలు వల్లె వేయిస్తారు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, గొట్టం ఎప్పుడూ ఎవరివైపూ తిప్పకు, దేన్ని కాలుస్తున్నావో, దాని వెనక ఏముందో తెలుసుకో, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. ఇవి అందరూ చెప్పగలరు. మా క్యాంపులో పెద్దాయన పాటించే తీరు మాత్రం గుర్తుండిపోయింది. క్యాబిన్ గడప దాటకముందు ప్రతి ఒక్కరూ రైఫిల్ బోల్టు వెనక్కి లాగి ఆయన ముందు నిలబడాలి. ఆయన చేతి తొడుగు తీసి, చిటికెన వేలు తూటా కూర్చునే గదిలో పెట్టి తడిమి చూస్తాడు. చీకట్లో, అలసిన కంటికి ఖాళీగా కనిపించిన గదిలో తూటా ఉండవచ్చునంటాడు. సొంత కొడుకునైనా అలాగే ఆపుతాడు. ఆయనకు అడ్డు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

మూడో సూత్రం మరీ ముఖ్యం. గుట్ట నెత్తిన ఆకాశం వెనకగా నిలబడ్డ జింకను కాల్చకూడదు. తూటా దాన్ని దాటితే ఎక్కడ దిగుతుందో మీకు తెలియదు. అడవిలో గోలచేస్తూ జింకలను తోలే పద్ధతి ఉంది, దాన్ని డ్రైవ్ అంటారు. తోలేవాళ్ళు మీవైపే వస్తుంటారు. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఏ దిక్కుకు కాల్చకూడదో బయల్దేరకముందే నేల మీద గీసి చూపించని బృందంతో వెళ్ళవద్దు. నడుము పైన కనీసం సగం బట్ట నారింజ రంగుదై ఉండాలని ఇక్కడి చట్టం. 2016 నుంచి మెరిసే గులాబీ రంగునూ ఒప్పుకున్నారు. జింక కంటికి ఆ రంగు మెరుపు తెలియదు, మనిషి కంటికి దూరం నుంచే తెలుస్తుంది.

4. మంచె ఎక్కేటప్పుడు తుపాకీ చేతిలో ఉండకూడదు.

తూటాలు తీసేసి, తాడు కట్టి, పైకెక్కాక లాక్కోవాలి. భుజాలకూ తొడలకూ బిగించే హార్నెస్ కాళ్ళు నేల మీద ఉండగానే తగిలించుకోవాలి. ఎక్కిన తర్వాత తగిలించుకుందామనుకుంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆధారం ఉండదు, జారి పడేది ఎక్కువగా అప్పుడే. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

5. ఎవరి నేలలో ఉన్నారో తెలుసుకోండి. మనలాంటి ముఖాలవాళ్ళు మరీ జాగ్రత్తగా తెలుసుకోవాలి.

2004 నవంబరులో ఈ రాష్ట్రంలోనే సాయర్ కౌంటీలో ఒక హ్మాంగ్ వేటగాడు మరొకరి స్థలంలో ఉన్న మంచె మీద కూర్చున్నాడు. మాటామాటా పెరిగింది. చివరికి అతని తుపాకీకి ఆరుగురు చనిపోయారు. 2007 జనవరిలో మారినెట్ కౌంటీ అడవిలో మరో హ్మాంగ్ వేటగాణ్ణి ఒక తెల్లవాడు చంపాడు. ఆగ్నేయాసియా నుంచి శరణార్థులుగా వచ్చి, అడవినీ వేటనూ పుట్టుకతో ఎరిగినవాళ్ళు హ్మాంగ్‌లు. ఆ రెండు ఘటనల తర్వాత వాళ్ళు ఎంత భయంతో అడవిలో అడుగుపెట్టారో నేను విన్నాను.

అందుకని చెబుతున్నాను. సొంతదారు అనుమతి తీసుకోండి, వీలైతే కాగితం మీద. వేసవిలోనే వెళ్ళి తలుపు తట్టి, పేరు చెప్పి, చేయి కలిపి మాట్లాడండి. కంచె బాగుచేసే రోజున సాయానికి వెళ్ళండి. ఫోన్లో సరిహద్దులు చూపించే మ్యాప్ పెట్టుకోండి. ఎవరైనా వచ్చి "ఇది నా స్థలం" అంటే వాదించకుండా తూటాలు తీసేసి, మర్యాదగా బయటికి నడవండి. న్యాయం మీవైపు ఉంటే తర్వాత వన్యప్రాణి శాఖ వార్డెన్ చూసుకుంటాడు. మీరు కొట్టిన జింక పక్కవాడి నేలలోకి వెళ్ళి పడినా అనుమతి లేకుండా కంచె దాటకూడదు. ఎవరి సొంతమూ కాని ప్రభుత్వ అడవి కావాలంటే, ఉత్తరాన చెక్వామెగన్-నికోలే జాతీయ అరణ్యం ఒక్కటే 15 లక్షల ఎకరాలు ఉంది.

6. జింకకు ముక్కే ప్రాణం.

గాలి మీ వీపు మీదుగా జింకలు వచ్చే దారివైపు వీస్తుంటే ఆ చోట కూర్చోవడం దండగ. చోటు మార్చండి.

7. కాల్చిన తర్వాత అరగంట కదలకుండా కూర్చోండి.

కొత్తవాళ్ళకు ఇది నేర్పడం అన్నిటికన్నా కష్టం. గుండె కొట్టుకుంటుంది, పరుగెత్తి చూడాలనిపిస్తుంది. రెండు ఊపిరితిత్తులకూ తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తి పడుతుంది. వెంటపడితే, గాయంతో పడుకున్నది లేచి ఇంకా దూరం పోతుంది. కూర్చున్నచోటి నుంచే చివరిసారి అది కనిపించిన చెట్టును గుర్తు పెట్టుకోండి.

తర్వాత నెత్తురు చూడండి. గులాబీ రంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే దొరుకుతుంది. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలైనా ఆగాలి. ఆకుపచ్చగా, వాసనతో ఉంటే పేగులు. అప్పుడు ఆరేడు గంటలు, ఒక్కోసారి రాత్రంతా ఆగాలి. ఆగడం మనకు కష్టమే, దానికి ఇంకా కష్టం. అందుకే ఆ దెబ్బ తగలకుండా చూసుకోవాలి. పక్కకు తిరిగి నిలబడని జింకను, పరుగెత్తే జింకను వదిలేయాలి.

మొన్నటి సీజన్‌లో మా పొరుగు రైతు కూతురితో కలిసి ఒక జాడ వెంట వెళ్ళాను. కొట్టింది ఆ అమ్మాయే. ఓక్ ఆకులు ఎర్రమట్టి రంగులో రాలి ఉన్నాయి, మేపుల్ ఆకులకు సహజంగానే ఎర్రచుక్కలు. ఏది నెత్తురో ఏది మచ్చో తెలియదు. ఆ అమ్మాయి జేబులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తీసి ఒక్కో చుక్క మీద చిలకరించింది. నెత్తురైతే తెల్లగా పొంగుతుంది. పొంగిన ప్రతి చోటా కొమ్మకు టిష్యూ ముక్క తగిలించింది. దారి తప్పిందనుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి, ఆ తెల్లముక్కలు ఏ వరసలో వచ్చాయో చూసి, ఆ వరస ఎటు సాగుతుందో అటు నడిచింది. కొంతదూరం మోకాళ్ళ మీద పాకింది. జింక ఒక దేవదారు పొద కింద దొరికింది, ప్రాణం పోయి చాలాసేపయింది. ఆ అమ్మాయి కూర్చుని దాని మెడ మీద చేయి వేసి కాసేపు అలాగే ఉంది. నేనేమీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం క్యాంపులో ఆమె చెప్పిన మొదటి మాట, "రెండంగుళాలు వెనక్కి తగిలింది, నేను తొందరపడ్డాను" అని. ఎవరూ తేలిక చేయలేదు. ఎంత దూరం, గాలి ఎటు, దేన్ని ఆనుకుని కాల్చావు అని ఒక్కొక్కటే అడిగారు. గాయపడి దొరకని జింకల సంగతి కూడా ఆ గదిలో అలాగే చెబుతారు. అది దాచిపెట్టే క్యాంపులో పిల్లలు ఏమీ నేర్చుకోరు. అలాంటి చోట మీరు ఉండవద్దు.

8. చల్లార్చడం, పొర తీయడం: రుచి ఈ రెండింటిలోనే ఉంది.

దొరికిన చోటే పొట్ట కోసి పేగులు తీసేయాలి, కత్తి మొన పేగుకు తగలనివ్వకూడదు. మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా ఆ జింకను ఫోన్లో గాని ఆన్‌లైన్‌లో గాని నమోదు చేయాలి. జింక కొవ్వు మేక కొవ్వులా రుచినివ్వదు, నోటికి మైనంలా అంటుకుంటుంది. కొవ్వంతా, కండ మీది తెల్లటి పొరంతా ఓపికగా తీసేయండి. వెన్నుకండను పెద్ద మంట మీద కొద్దిసేపే వేయించాలి, ఎక్కువసేపైతే చెప్పుతోలే. భుజం మాంసం సన్నని సెగన గంటలు ఉడకాలి. అందులో చివర్న గోంగూర వేస్తే ఇక్కడి రైతులు కూడా రెండోసారి వడ్డించుకున్నారు. మీకు ఎక్కువైతే పేదల ఆహార కేంద్రాలకు జింక మాంసం అందించే పథకం రాష్ట్రంలో ఉంది, దానికి ఇవ్వండి.

9. పరీక్ష చేయించకుండా తినవద్దు, పిల్లలకు పెట్టవద్దు.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఈ రాష్ట్రపు జింకల్లో ఉన్నట్టు 2002లో బయటపడింది. మొదట గుర్తించింది 1967లో, కొలరాడోలో. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్ వల్ల మెదడు పాడవుతుంది. మందు లేదు, టీకా లేదు. జబ్బు సోకిన జింక చాలాకాలం నిండుగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. వండితే ప్రియాన్ చావదు. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు, అయినా జబ్బు తేలిన జింకను తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మా క్యాంపులో కూడా "మా తాతల నాటి నుంచి తింటున్నాం" అనేవాళ్ళున్నారు. తాతల నాటికి ఇక్కడ ఈ జబ్బు బయటపడలేదు.

తలను కొంత మెడతో సహా కోసి, సంచిలో వేసి, వివరాల చీటీ కట్టి, వన్యప్రాణి శాఖ పెట్టిన డబ్బాల్లో వదిలితే చాలు. గొంతు దగ్గరి గ్రంథులు తీసి ఉచితంగా పరీక్షిస్తారు. ఫలితానికి రెండు వారాలు పట్టవచ్చు. ఈ నవంబరులో వేటకు వెళ్ళే తెలుగు పిల్లలందరినీ నేను అడిగేది ఇదే: ఏ జింక మాంసాన్ని ఆ జింకదిగా విడిగా ప్యాక్ చేసి, పైన దాని నంబరు రాసి, జబ్బు లేదని ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లోంచి ఒక్క ప్యాకెట్ కూడా బయటికి తీయకండి.