గోధుమ పడనివారి గృహపథ్యం

మన కోనసీమ వరిసీమ. గౌతమీ వసిష్ఠల నడుమ పుట్టి పెరిగినవారికి అన్నమే ప్రధానాహారం. మా పలివెలలో నా బాల్యమున గోధుమ అనగా సత్యనారాయణ వ్రత ప్రసాదము, పండుగనాటి పూరీ, జ్వరం తగ్గినవారికిచ్చే రొట్టె మాత్రమే. నేడు ఉదయం బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కట్లు, రాత్రి చపాతీలు సామాన్యమైనవి. మధుమేహం ఉన్న ఒక్కరి కోసం మొదలైన చపాతీ క్రమంగా ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనమైనది. ఈ మార్పు ఎక్కువమందికి హాని చేయదు. కాని కొద్దిమందికి గోధుమ విషతుల్యం. అట్టివారు ఇంట్లో ఒక్కరున్నా కుటుంబమంతా కొన్ని నియమాలను నేర్చుకొనవలసి ఉంటుంది. ఈ పాఠంలో వాటిని వివరిస్తాను.

వ్యాధి స్వరూపం

గోధుమపిండిని ముద్దగా కలిపి, ఆ ముద్దను నీటిలో పిసుకుతూ కడిగితే పిండిపదార్థం పాలవలె కరిగిపోయి, చివరకు రబ్బరువలె సాగే జిగురు మిగులుతుంది. దీనినే గ్లూటెన్ అంటారు. చపాతీ చిరగకుండా సాగడానికీ, రొట్టె పొంగడానికీ ఇదే కారణం. బార్లీ, రై ధాన్యాలలోనూ ఇట్టి మాంసకృత్తులే ఉన్నవి. సీలియాక్ అనే వ్యాధి గలవారిలో ఈ జిగురు చిన్నప్రేగులకు చేరగానే శరీరంలోని రక్షణశక్తి పొరపడి తన ప్రేగు పొరనే దెబ్బతీస్తుంది. ఆహారసారాన్ని గ్రహించే సన్నని నూగువంటి అంకురాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటబట్టదు.

పిల్లలలో పొట్ట ఉబ్బి, కాళ్లుచేతులు సన్నబడి, ఎదుగుదల ఆగిపోతుంది. జిడ్డుగా, దుర్గంధంతో విరేచనాలవుతాయి. పెద్దలలో విరేచనాలు లేకుండానే రక్తహీనత, ఎముకల బలహీనత, నోటిపూత, సంతానలేమి వంటి రూపాలలో బయటపడవచ్చు. ఎంత ఇనుము ఇచ్చినా రక్తం పెరగని రోగి విషయంలో వైద్యుడు ఈ వ్యాధిని తప్పక తలచుకోవాలి.

గోధుమకూ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని నిరూపించినవాడు హాలండు దేశపు బాలవైద్యుడు విల్లెం డికె. 1930ల నుండే ఆయనకు ఈ అనుమానం ఉన్నది. 1944-45 శీతాకాలపు కరువులో అక్కడ రొట్టె దొరకని రోజులలో ఈ పిల్లలు కోలుకొన్నారు. మరల రొట్టె రాగానే క్షీణించారు. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో ఆయన ఈ విషయాన్ని స్థిరపరచాడు.

మన దేశంలో 2016లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలన ప్రకారం ఉత్తర ప్రాంతంలో వెయ్యిమందికి సుమారు 12 మంది రక్తంలో ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు కనిపించగా, దక్షిణాన ఒక్కరిలో కనిపించినవి. దీనికి అనువైన జన్యులక్షణం మాత్రం రెండుచోట్లా దాదాపు సమానంగా, మూడోవంతుకు పైగా జనంలో ఉన్నది. గోధుమ వాడకం ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. అందుచేత మన ప్రాంతంలో ఇది అరుదే గాని లేకపోలేదు. గోధుమ పెరిగినకొద్దీ మనం జాగరూకులమై ఉండడం మంచిది.

శాస్త్రదృష్టి

చరకసంహిత గోధుమను నిందించలేదు. మధురము, శీతము, స్నిగ్ధము, బృంహణము, వాతహరము అని గుణాలను చెప్పి, గురువు అని కూడా చెప్పినది. విరిగినదానిని అతికించే గుణం దీనికున్నదని వర్ణించినది. ఆరోగ్యవంతునికి ఇవి మేలే. కాని ఒకనికి సాత్మ్యమైనది మరొకనికి అసాత్మ్యం కావచ్చుననే సూత్రం ఆయుర్వేదంలో మూలస్తంభం వంటిది. చికిత్సాస్థానంలో 15వ అధ్యాయంలోని గ్రహణీరోగ లక్షణాలు ఈ వ్యాధి లక్షణాలకు చాలావరకు సమీపంగా ఉంటాయి. అయితే గ్రహణీరోగమంతా సీలియాక్ కాదు. ఈ భేదాన్ని మరువకూడదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. అలవాటైన అపథ్యాన్ని పాదాంశ క్రమంలో, అనగా పావువంతు చొప్పున మెల్లగా మానిపించవలెనని చరకుడు సూత్రస్థానంలో ఉపదేశించాడు. పొగాకు, కాఫీ మాన్పించేటప్పుడు నేనును ఈ క్రమాన్నే పాటిస్తాను. ఈ వ్యాధి నిర్ధారణ అయినవారి విషయంలో మాత్రం అది వర్తించదు. విషాన్ని పావువంతు తగ్గించి ఇస్తామని ఎవరూ అనరు గదా! నిర్ధారణ అయిన దినం నుండే పూర్తిగా, జీవితాంతం మానవలెను.

పరీక్షకు ముందు మానకూడదు

చాలామంది అనుమానం రాగానే గోధుమ మాని, కొంత సుఖం కనిపించిన తరువాత వైద్యునివద్దకు వస్తారు. ఇది సరికాదు. టి.టి.జి. అనే రక్తపరీక్ష గాని, ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు ముక్క తీసి చేసే పరీక్ష గాని గోధుమ తింటున్న రోజులలోనే నిజం చెప్పగలవు. మానిన తరువాత ఫలితం తప్పుగా రావచ్చు. అందుచేత ముందు పరీక్ష, పిదప పథ్యం. నిర్ధారణ అయితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. వ్యాధి లేనివారు లోకం మానుతున్నదని తామూ మానవలసిన పని లేదు.

మన వంటింట్లో ఉన్న ధైర్యం

"ఇక పిల్ల ఏమి తింటుంది?" అన్నది తల్లులు వేసే మొదటి ప్రశ్న. ఉత్తరాదివారికి ఇది కష్టమే. మనకు కాదు. అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ అన్నీ నిర్దోషాలు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, బియ్యపు రవ్వ ఉప్పిండి, దిబ్బరొట్టె, ఆవిరి కుడుము మన నిత్యవంటలే. అంబాజీపేట పనసాకు పొట్టిక్కలను మించిన ఉపాహారం ఏమున్నది? చపాతీకి బదులు తప్పాల చెక్క, జొన్నరొట్టె, రాగిరొట్టె చేసుకోవచ్చు. పండుగకు అరిసెలు, పాకుండలు, సున్నుండలు, కొబ్బరి లౌజు ఉండనే ఉన్నవి. ఆత్రేయపురం పూతరేకు బియ్యపు పిండి నీటితో తీసిన రేకు. దానికి నెయ్యి, బెల్లం తోడు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మానవలసినవి: గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమ్యా, బ్రెడ్డు, బిస్కట్లు, కేకులు, పూరీ, బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు, జిలేబీ, తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టం కాజా. మూత్రబాధకు తాగే బార్లీనీరు, బార్లీతో చేసే మాల్టు పానీయాలు కూడా ఇందులో చేరుతాయి. ఓట్సు సాధారణంగా గోధుమతో కలిసిపోయి ఉంటాయి గనుక వైద్యుని సలహా లేక తినరాదు.

కనిపించని గోధుమ

అపాయమంతా కనిపించేదానిలో లేదు.

1. ఇంగువ: అంగట్లో దొరికే కలిపిన ఇంగువలో చాలావాటికి మైదా చేరుస్తారు. పులిహోర, చారు, ఊరగాయ అన్నిటిలోనూ అది పడుతుంది. డబ్బామీద దినుసులు చదివి, బియ్యపు పిండితోనో గోందుతోనో చేసినదే కొనాలి. లేనిచో మానాలి.
2. పిండిమిల్లు: గోధుమ ఆడిన మరలోనే బియ్యం ఆడితే ఆ పిండి పనికిరాదు. బియ్యం, రాగులు ఇంటివద్ద కడిగి, ఆరబెట్టి, మిక్సీలోనో తిరగలిలోనో విసురుకోవడం శ్రేయస్కరం.
3. బూరెల తోపు, చేగోడీలు: కరకరలాడడానికి కొందరు కొంచెం మైదా కలుపుతారు. అడగక తినకూడదు.
4. హోటలు: రవ్వదోసె, ఉప్మా పెసరట్టు పనికిరావు. పూరీ వేయించిన నూనెలో వేసిన గారె కూడా పనికిరాదు.
5. బాలామృతం: అంగన్‌వాడీలలో పసిపిల్లలకిచ్చే ఈ పిండిలో గోధుమ ప్రధానమైన దినుసు. వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డకు దీనికి బదులు రాగిజావ పెట్టాలి.
6. ఔషధాలు: మా శాస్త్రపు మందులకు కూడా ఈ విచారణ అవసరం. అగస్త్య హరీతకీ లేహ్యంలో యవలు, అనగా బార్లీ గింజలు చేరుతాయి. ధన్వంతర కషాయంలోనూ యవలున్నవి. వైద్యునికి వ్యాధి పేరు చెప్పి, దినుసులు విచారించి వాడాలి.

దుకాణంలో కొనేవాటిపై గ్లూటెన్ లేదని ముద్ర ఉంటే, ఆ పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి అది ఉండకూడదని మన దేశ నిబంధన.

ఒకే కప్పుకింద రెండు వంటలు

ఇంట్లో మిగిలినవారు చపాతీ తినదలిస్తే తినవచ్చు. కాని పీట, అప్పడాల కర్ర, జల్లెడ, పెనం, చెక్కగరిటె వేరుగా ఉండాలి. జల్లెడ కన్నాలలో చిక్కిన పిండి ఎంత కడిగినా పోదు. రోగి వంట ముందు పూర్తిచేసి, మూతపెట్టి, ఆ తరువాతే గోధుమపిండి డబ్బా తెరవాలి. ఊరగాయ జాడీలో చపాతీ తాకిన చెంచా పెట్టరాదు. రోగి డబ్బాలకు పసుపు దారం కట్టుకొంటే చదువురాని పనిమనిషికైనా గుర్తు తెలుస్తుంది. ఇంత శ్రమ పడలేనివారు రాత్రి భోజనాన్ని అందరికీ జొన్నరొట్టెగా మార్చుకొంటే సగం చింత తీరుతుంది. ఇంట్లో మధుమేహ రోగి ఉంటే అతనికీ అభ్యంతరం ఉండదు. పరిమాణం మాత్రం చూసుకోవాలి.

"ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?"

ఈ ప్రశ్న వేయని ఇల్లు లేదు. మా పక్క ఊరి నుండి ఎనిమిదేళ్ల పాపను తీసుకొనివచ్చారు. పొట్ట ఉబ్బి, ముఖం పాలిపోయి, ఆరేళ్ల పిల్లవలె ఉన్నది. లక్షణాలు చూసి పట్టణానికి పరీక్షకు పంపాను. వ్యాధి నిర్ధారణ అయినది. పథ్యం మొదలుపెట్టిన రెండు మాసాలకు ఆకలి పుట్టి, మలం కట్టుబడి, పాప బడిలో ఆడుకోవడం ఆరంభించినది. నాలుగో మాసంలో మరల విరేచనాలు పట్టుకొన్నాయి. వంటిల్లంతా వెతికినా కారణం దొరకలేదు. చివరకు వాళ్ల మామ్మగారే నా ఎదుట కంట నీరు పెట్టుకొని, "ఏంచెయ్యనండీ వైద్యులుగారూ, అందరూ కాజాలు తింటుంటే పిల్ల వంక చూసింది. చిన్న ముక్కే కదా అని రోజూ కొంగున కట్టి పెట్టేనండీ" అన్నారు.

ఆ తల్లిని నేను మందలించలేదు. ఆమె పెట్టినది ప్రేమతోనే. అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టిన గడ్డ ఇది. పెట్టడమే మనకు తెలిసిన ప్రేమ, వద్దనడం మనకు అమర్యాద. అందుచేత లెక్క చెప్పాను. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని మాసాలు లోపలికి పోతే చాలు, ప్రేగు పొర దెబ్బతింటుందని పరిశోధనలు తేల్చాయి. అది సుమారు అరగ్రాము పిండిలో ఉంటుంది. అనగా చిటికెడు. "మీరు పెట్టడం మానకండి అమ్మా, పెట్టేది మార్చండి" అన్నాను. పాప కోసం పాకుండలు, పూతరేకులు ఆమె చేతిమీదుగానే ఇవ్వాలని నియమం పెట్టాము. ఇంట్లో అందరికంటే గట్టి కాపలాదారు ఇప్పుడు ఆమెయే. పెళ్లిళ్లలో బంతి మధ్యకు వెళ్లి, "మా పిల్లకు మైదా వెయ్యకండి నాయనా" అని వడ్డించేవారికి చెప్పేదీ ఆమెయే.

ప్రసాదం సంగతి

అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. దానిని కాదనడానికి భక్తులకు మనసొప్పదు. ప్రసాదాన్ని కళ్లకద్దుకొని పక్కవారికిస్తే దోషం లేదు. ఇంట్లో వ్రతం చేసుకొనేవారికి ఇంకొక మాట. గోధుమపిండి లేనిచోట వరిపిండి వాడవచ్చునని వ్రతకథలోనే అనుమతి ఉన్నది. కనుక బియ్యపు నూక, చక్కెర, నెయ్యి, ఏలకులతో ప్రసాదం చేసి అందరితోబాటు రోగికీ పెట్టవచ్చు. పిల్ల ఒక్కతె వేరుగా కూర్చోవలసిన పని ఉండదు.

కోలుకొనే దశలో ఆహారం

మొదటి కొన్ని వారాలు ప్రేగు పొర దెబ్బతిని ఉండడంచేత పాలు జీర్ణం కాకపోవచ్చు. అప్పుడు పలుచని తాజా మజ్జిగలో వేయించిన జీలకర్రపొడి, సైంధవ లవణం చిటికెడు వేసి ఇవ్వాలి. గ్రహణిలో తక్రానికి శాస్త్రం పెద్దపీట వేసినది. పాతబియ్యపు మెత్తని అన్నం, పెసరకట్టు, దానిమ్మ హితకరం. ప్రేగు మరమ్మతయ్యాక పాలు క్రమంగా ప్రారంభించవచ్చు.

కేవలం తెల్లన్నంతోనే సరిపెట్టడం మంచిది కాదు. ఎముకలకు రాగులు అవసరం. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. సజ్జలు, నువ్వులు, మునగాకు, తోటకూర, పప్పుధాన్యాలు తరచు ఉండాలి.

రాగిజావ చేసే విధం: ఇంటివద్ద విసిరిన రాగిపిండి రెండు చెంచాలు చన్నీటిలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీటిలో పోసి పది నిమిషాలు కలియబెట్టాలి. చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు గాని, బెల్లం గాని కలిపి ఉదయం ఇవ్వాలి.

లక్షణాలు కొన్ని వారాలలో తగ్గినా, ప్రేగు పొర పూర్తిగా బాగుపడడానికి మాసాలు, పెద్దలలో ఒక్కొక్కప్పుడు రెండేళ్లు కూడా పడుతుంది. ఆరు మాసాలకొకసారి మొదట, పిదప ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించి, పిల్లల ఎత్తు, బరువు గోడమీద గుర్తుపెట్టుకోవాలి.

చివరిగా ఒక హెచ్చరిక

మా మందు తింటే గోధుమ కూడా తినవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆయుర్వేదంలో గాని, ఇతర వైద్యంలో గాని నేటికి అట్టి ఔషధం లేదు. అగ్నిని దీపింపజేయడానికి, బలం పుంజుకోవడానికి మేమిచ్చే మందులు పథ్యానికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు. పథ్యం పాటించేవానికి మందుతో పని తక్కువని, పాటించనివానికి మందు వ్యర్థమని పెద్దల మాట. ఈ వ్యాధిలో అది అక్షరసత్యం. పథ్యమే ఔషధం. ఆ ఔషధం తయారయ్యేది మా ఖల్వంలో కాదు, మీ వంటింట్లో.