వర్క్ ఫ్రమ్ హోమ్‌కి ల్యాప్‌టాప్ ఒక్కటుంటే చాలా?

ఈమధ్య మన సీనియర్లకి ఇంటర్న్‌షిప్ ఫారాలు వచ్చాయి. అందులో ఒక కాలమ్ ఉంది: ఆఫీస్, హైబ్రిడ్, రిమోట్. నాకు తెలిసిన సీనియర్లలో చాలామంది ఒక్క సెకను కూడా ఆలోచించకుండా రిమోట్ దగ్గర టిక్ పెట్టేశారు. "రూమ్ రెంట్ మిగుల్తుంది, అమ్మ వంట దొరుకుతుంది, ఇంకేం కావాలిరా" అన్నాడు ఒకన్న. నేనేం అనలేదు. 2020లో మా అక్క ఇంట్లోంచి ఎలా పని చేసిందో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి, నాకది అంత సింపుల్‌గా అనిపించలేదు. అప్పుడు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఇప్పుడు నేను చదువుతున్న నెట్‌వర్క్స్ సబ్జెక్టుతో కలిపి రాద్దామని ఈ వ్యాసం.

ముందు తేదీలు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రకటన వచ్చింది, 25 నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. ఆ 25వ తేదీనే ఉగాది. ఆ రోజు హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని పోలీసుల దగ్గర పాసులు తీసుకుని బయల్దేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఆంధ్రా బోర్డర్లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటలకొద్దీ ఆగిపోయారు. మా అక్క అదృష్టం, 21నే తెనాలి వచ్చేసింది. భుజాన ఒక ల్యాప్‌టాప్ బ్యాగు, అందులో రెండు జతల బట్టలు. "రెండు వారాలేగా" అంది. పద్దెనిమిది నెలలు ఉంది.

అసలు ఇంటి నుంచి పని చేయడం అనే ఐడియా కరోనాతో పుట్టింది కాదు. 1973లో అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఇంజనీరు దీనికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. మనుషుల్ని ఆఫీసుకి కదిలించే బదులు పనినే మనుషుల దగ్గరికి పంపొచ్చు కదా అన్నది ఆయన పాయింట్. మన దేశంలో మాత్రం కాల్ సెంటర్లు, బీపీఓల లాంటి వాటికి టెలికాం శాఖ రూల్స్ అడ్డంగా ఉండేవి. ఇంటి నుంచి పని చేయించాలంటే కంపెనీ సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, అధీకృత ప్రొవైడర్ ఇచ్చే వీపీఎన్ వాడాలి. 2020 మార్చి 13న ఆ షరతులు తాత్కాలికంగా సడలించారు. తర్వాత గడువు పొడిగించుకుంటూ వెళ్లి, నవంబర్‌లో ఆ రిజిస్ట్రేషన్ పద్ధతినే ఎత్తేశారు. అంటే మనం ఇప్పుడు ఫారంలో టిక్ పెట్టే ఆ ఆప్షన్ వెనక ఇంత కథ ఉంది.

రూల్స్ మారడానికి ఒక సర్క్యులర్ చాలు. ఇల్లు మారాలంటే అలా కుదరదు కదా. మాది రెండు గదులు, ఒక హాలు. ఒక గదిలో నానమ్మ, ఇంకో గదిలో అమ్మానాన్న, హాల్లో నేను, టీవీ. అక్కకి టేబుల్ లేదు. అమ్మ కుట్టు మిషన్ మూత వేసి, దాని మీద దుప్పటి మడత పెట్టి, ఆ పైన ల్యాప్‌టాప్ పెట్టుకుంది. కింద కాలు పెడితే పెడల్ ఊగుతుంది. నాన్న ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఏప్రిల్ నుంచి ఆయనకి జీతం రాలేదు. కాబట్టి ఆ కుట్టు మిషన్ మీద జరిగే పని ఆగితే మా ఇంటి ఖర్చు ఆగుతుంది. ఈ సంగతి నాకు అప్పట్లో పూర్తిగా అర్థం కాలేదు. నేను తొమ్మిదో తరగతి, పరీక్షలు రాయకుండానే పాసైపోయిన ఆనందంలో ఉన్నాను.

అక్కకి మొదటి వారం అసలు ప్రాబ్లం నెట్. మాది టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ కనెక్షన్. డౌన్‌లోడ్ 8 ఎంబీపీఎస్ వచ్చేది. యూట్యూబ్ బాగానే ఆడేది కాబట్టి మా నెట్ ఫాస్టే అనుకునేవాళ్లం. కానీ అక్క కాల్‌లో మాట్లాడితే అవతలి వాళ్లకి సగం మాటలే వినపడేవి. వాళ్ల మాటలు మాత్రం అక్కకి చక్కగా వినపడేవి. దీనికి కారణం అప్‌లోడ్ స్పీడు. ఇళ్లకి ఇచ్చే డీఎస్ఎల్‌ని డౌన్‌లోడ్ ఎక్కువ, అప్‌లోడ్ తక్కువ ఉండేలా డిజైన్ చేశారు, ఎందుకంటే ఇంట్లో జనం చూస్తారు తప్ప పంపరు అని లెక్క. మాకు అప్‌లోడ్ 0.8 ఎంబీపీఎస్. ఆఫీసు పని అంటే పంపడమే కదా: గొంతు, వీడియో, స్క్రీన్ షేర్.

అంత తక్కువలో కూడా గొంతు వెళ్లాలి నిజానికి. ఒపస్ లాంటి కోడెక్‌తో మాటకి 32 కేబీపీఎస్ ఉంటే హాయిగా సరిపోతుంది. మరి ఎందుకు తెగిపోయేది? దొంగ ఎవరో మే నెలలో దొరికాడు. నాన్న ఫోను. వైఫై కనెక్ట్ అవగానే ఫొటోలన్నీ క్లౌడ్‌కి బ్యాకప్ అవుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ పూల బొమ్మలతో సహా.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. రౌటర్లో బయటికి వెళ్లే ప్యాకెట్లు వరసలో నిలబడే జాగా, అంటే బఫర్, 256 కిలోబైట్లు ఉందనుకోండి. 256ని 8తో గుణిస్తే 2048 కిలోబిట్లు. మన అప్‌లోడ్ సెకనుకి 800 కిలోబిట్లు. ఫొటోలు ఆ బఫర్‌ని నింపేస్తే, అక్క మాట మోసే ప్యాకెట్ వాటి వెనకాల సుమారు రెండున్నర సెకన్లు క్యూలో నిలబడాలి. ఫోన్ మాట సహజంగా ఉండాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని ఐటీయూ సిఫారసు. రెండున్నర సెకన్లు అంటే దానికి పదహారు రెట్లు పైనే! దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. బుక్‌లో దీనికి రెండు లైన్లే ఉంటాయి, మార్కులు కూడా రెండే. కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద వెళ్తాయి, ఎందుకంటే ఆలస్యంగా వచ్చిన మాట ముక్కని మళ్లీ పంపించుకోవడం దండగ, సంభాషణ అప్పటికే ముందుకెళ్లిపోతుంది. అవతలి వాళ్లకి అది తెగిన మాటలా వినపడుతుంది. ఫొటో బ్యాకప్ టీసీపీ మీద వెళ్తుంది, దానికి ఓపిక ఎక్కువ, జాగా దొరికినంత నింపుతూనే ఉంటుంది. ఓపికున్నవాడికీ తొందరున్నవాడికీ ఒకే క్యూ పెడితే ఎవరు నష్టపోతారో మన మెస్‌లో చూస్తూనే ఉంటాం.

బ్యాకప్ ఆపేశాం. రౌటర్ నుంచి కుట్టు మిషన్ దాకా లాన్ కేబుల్ లాగాం. కరెంటు పోతే నెట్ పోకుండా రౌటర్ని ఇన్వర్టర్ లైనుకి మార్చాడు నాన్న. వీటన్నిటికీ అయిన ఖర్చు కేబుల్ డబ్బులే. ఇవి మార్చిలోనే తెలిసుంటే బాగుండేది.

రెండోది వీపీఎన్. ఇంట్లోంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఎన్‌క్రిప్టెడ్ సొరంగం అనుకోండి. చాలా చోట్ల దాని కెపాసిటీ ఏదో కొద్దిమంది, ఎప్పుడో ఒకసారి ఇంటి నుంచి లాగిన్ అవుతారన్న అంచనాతో కట్టింది. ఒక్క వారంలో అందరూ దాని మీద పడ్డారు. పైగా ఫుల్ టన్నెల్ సెట్టింగ్ ఉంటే, అక్క పక్క వీధిలో ఉన్న కొలీగ్‌తో వీడియో కాల్ మాట్లాడినా ఆ ప్యాకెట్లన్నీ ముందు కంపెనీ డేటా సెంటర్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి బయటికి వెళ్లి, అదే దారిలో తిరిగి రావాలి. తెనాలి నుంచి గుంటూరు వెళ్లడానికి హైదరాబాద్ మీదుగా టికెట్ తీసుకున్నట్టు. తర్వాత వాళ్ల కంపెనీ స్ప్లిట్ టన్నెల్ పెట్టింది: కంపెనీ సర్వర్లకి వెళ్లేవి సొరంగంలోంచి, వీడియో కాల్స్ లాంటివి నేరుగా. సెక్యూరిటీ టీములకి ఇది పెద్దగా ఇష్టం ఉండదు, ఎందుకంటే నేరుగా వెళ్లే ట్రాఫిక్ వాళ్ల కంటికి కనపడదు. అది పెట్టేదాకా అక్క తెల్లవారుజామున ఐదున్నరకి లేచి, రద్దీ లేనప్పుడే లాగిన్ అయ్యి కూర్చునేది.

నెట్ సరిచేయడం తేలికైన సగం అని తర్వాత తెలిసింది.

వర్క్ ఫ్రమ్ హోమ్ మంచిదని చెప్పేవాళ్లు తరచుగా చూపించే స్టడీ ఒకటుంది. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో తొమ్మిది నెలలు చేశారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2015లో పబ్లిష్ చేశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. ఈ నంబర్ నేను చాలా చోట్ల చూశాను. కానీ అందులో చేరడానికి పెట్టిన షరతులు చూడండి: కనీసం ఆరు నెలల అనుభవం, బ్రాడ్‌బ్యాండ్, ఇంట్లో సొంతంగా ఒక గది. పైగా వాళ్లంతా ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లు, వారానికి ఒక రోజు ఆఫీసుకి కూడా వెళ్లేవాళ్లు. అయినా ప్రయోగం అయిపోయాక ఇంటి నుంచి చేసినవాళ్లలో సుమారు సగం మంది మళ్లీ ఆఫీసుకే వెళ్లిపోయారు. ఒంటరితనం ఒక కారణం. సొంత గది ఉన్నవాళ్ల పరిస్థితే అది. కుట్టు మిషన్ మీద పని చేసేవాళ్లకి 13 శాతం పెరుగుతుందని ఆ స్టడీ ఎక్కడా చెప్పలేదు.

మా ఇంట్లో తలుపు లేని చోటు అంటే అందరిదీ అని అర్థం. నానమ్మ హాల్లోకి వచ్చి, "అమ్మాయి గోడతో మాట్లాడుతోందేంట్రా" అని నన్ను అడిగేది, అక్క మ్యూట్‌లో లేనప్పుడే. కుక్కర్ విజిల్ కూడా అప్పుడే. ఇవి నవ్వుకునే విషయాలు. నవ్వుకోలేనిది ఇంకోటి ఉంది. ఇంట్లో ఉంది కాబట్టి అక్క ఖాళీగా ఉన్నట్టే లెక్క. "అమ్మలూ, రెండు నిమిషాలు కూర మీద కన్నేసి ఉంచు" అని అమ్మ, "టీ పెడతావా తల్లీ" అని నాన్న. నాన్న కూడా రోజంతా ఇంట్లోనే ఉన్నాడు, నేనూ ఉన్నాను. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ లేవలేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. మన దేశంలో 2019లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్లు 97. అసలు రోజులో ఇంటి పని చేసేవాళ్లెంతమంది అంటే ఆడవాళ్లలో 81 శాతం, మగవాళ్లలో 26. ఇది కరోనాకి ముందు లెక్క. ఆఫీసు బిల్డింగ్ అనేది అక్కకీ ఆ 299కీ మధ్య ఒక గోడలా ఉండేది. 2020లో ఆ గోడ పోయింది. జూన్‌లో ఒక రోజు రాత్రి పదకొండింటికి అక్క కాల్ అయిపోయాక వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఏడవడం చూశాను. నేను నీళ్లు తాగడానికి వెళ్లాను, తాగేసి వచ్చేశాను. ఆ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అక్కే రాయమంది.

మర్నాడు ఎవరూ మీటింగ్ పెట్టుకోలేదు గానీ అక్క తనే ఒక పని చేసింది. పాత క్యాలెండర్ వెనక రెండు పెద్ద అక్షరాలు రాసింది, ఒకవైపు "కాల్", ఇంకోవైపు "ఖాళీ". కుట్టు మిషన్ చక్రానికి తగిలించింది. "కాల్" ఉన్నంతసేపు టీ నాన్న పెట్టుకోవాలి, కూర నేను చూడాలి. నానమ్మకి చదువు రాదు కాబట్టి కాల్ వైపు ఎర్ర రంగు పూసింది. మొదట్లో నాన్న టీలో పంచదార రెండుసార్లు వేసేవాడు.

వీడియో కాల్స్ వల్ల వచ్చే అలసట గురించి కూడా చెప్పాలి. 2021లో స్టాన్‌ఫర్డ్‌లోనే జెరెమీ బెయిలెన్సన్ దీనికి నాలుగు కారణాలు రాశాడు: అందరి మొహాలూ అతి దగ్గరగా మనల్నే చూస్తున్నట్టు ఉండటం, మన మొహం మనకే అద్దంలోలా కనపడుతూ ఉండటం, కదలకుండా కూర్చోవడం, తల ఊపడం లాంటి సైగలకి కూడా మెదడు ఎక్కువ కష్టపడాల్సి రావడం. సెల్ఫ్ వ్యూ హైడ్ చేస్తే ఒకటి తగ్గుతుంది. అవసరం లేనప్పుడు వీడియో ఆఫ్ చేస్తే చాలావరకు తగ్గుతాయి, అప్‌లోడ్ కూడా మిగుల్తుంది.

మన ఫ్రెషర్లకి అన్నిటికంటే ముఖ్యమైంది ఇది అనుకుంటున్నాను. మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61,182 మంది డేటా తీసుకుని 2020 మొదటి ఆరు నెలలు చూసింది. అందరూ ఇంటి నుంచి పని చేయడం వల్ల, వేరే గ్రూపుల వాళ్లతో కలిసి పని చేసే సమయం వాటా సుమారు 25 శాతం తగ్గిపోయింది. ఎవరి టీమ్ వాళ్లదే అయిపోయింది. అప్పటికే పదిమంది తెలిసినవాళ్లకి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. కొత్తగా చేరిన మనకి పక్క టీమ్ అంటే ఎవరో తెలియకుండానే సంవత్సరం గడిచిపోతుంది. సీట్రిప్ స్టడీలో కూడా ఒక సంగతి ఉంది: అంతే పనితీరు ఉన్నా ఇంటి నుంచి చేసినవాళ్లకి ప్రమోషన్ వచ్చే రేటు తగ్గింది. అక్కకి 2021 అప్రైజల్‌లో "విజిబిలిటీ తక్కువ" అని రాశారు. తెల్లవారుజామున ఐదున్నరకి లాగిన్ అయిన మనిషికి!

మొన్న అక్కకి ఫోన్ చేసి, రెండేళ్ల తర్వాత నేనూ ఆ ఫారం నింపాలి, ఏం టిక్ పెట్టమంటావు అని అడిగాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్తోంది తను. "ముందు ఇంట్లో తలుపేసుకునే గది ఉందో లేదో చూసుకోరా. తర్వాత అప్‌లోడ్ స్పీడ్ చూడు. పొద్దున్న కాదు, వీధిలో అందరూ సినిమాలు చూసే రాత్రి తొమ్మిదింటికి చూడు" అంది. నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేసి టెస్ట్ పెట్టమన్నాను. ఇప్పుడు ఫైబర్ కదా, అప్‌లోడ్ 38 వచ్చింది. గది సంగతి అడిగితే, నానమ్మ గది ఖాళీగానే ఉందిగా అన్నాడు.