ద్వంద్వక్రీడా యంత్రములు - తెలుగు క్రీడాపరిభాష

ఆటవస్తువు మాఱినంత త్వరగా ఆటమాట మాఱదు. యంత్రము క్రొత్తదైనను, ఓడినవాడేమగునో తెలుపు క్రియ పాతదే కావచ్చును. తొలినాటి ద్వంద్వయుద్ధ వీడియోక్రీడలను ఈ దృష్టితో పరిశీలించి, ప్రవాసాంధ్రుల భాషాధ్యయనమున కవి యెట్లుపకరించునో సూచించుట ఈ వ్యాసోద్దేశము.

ముందు యంత్రముల చరిత్ర. నాణెము వేసి ఆడు యంత్రములుంచిన శాల 'ఆర్కేడ్'. 1972లో అటారీ సంస్థ వెలువరించిన 'పాంగ్'లో పోటీ యుండెనుగాని, తెరపై బంతియు రెండు గీతలును మాత్రమే కనబడెను. 1974లో కీ గేమ్స్ వారి 'ట్యాంక్'తో ఆయుధము వచ్చెను, మనుష్యుడు రాలేదు. 1975లో జపాను దేశపు టైటో సంస్థకై తొమోహిరో నిషికాడో రూపొందించిన 'వెస్టర్న్ గన్'లో ఇరువురు మనుష్యులు తుపాకులతో ఎదురెదుర నిలిచిరి. ఆ యేడే అమెరికాలో మిడ్‌వే సంస్థ దానిని మైక్రోప్రాసెసరుతో 'గన్ ఫైట్' అను పేర మరల నిర్మించెను. 1976లో సెగా వారి 'హెవీవెయిట్ ఛాంప్'లో ఆటగాడు ముష్టియుద్ధపు తొడుగు వంటి పిడిని చేతబట్టి గుద్దులాడెను. 1979 నాటి 'వారియర్'లో కత్తులు దూసిన ఇరువురు యోధులు పైనుండి చూచినట్లు గీతలతో చిత్రింపబడిరి.

1984 నాటి 'కరాటే ఛాంప్' భాషావిద్యార్థికి ప్రత్యేకముగా గమనింపదగినది. ఇందు ఒక్కొక్క ఆటగానికి రెండేసి మీటలు. వాని కదలికల కూడికను బట్టి తన్ను, గుద్దు, దూకు భేదము లేర్పడును. కొలదిపాటి వర్ణములు కలిసి పెక్కు పదములగుటకును దీనికిని పోలిక కలదు. ఇచట న్యాయనిర్ణేత దెబ్బకు అర గుణమో పూర్తి గుణమో ఇచ్చును. మఱుసటి యేట కొనామీ వారి 'యీ ఆర్ కుంగ్ ఫూ'లో దెబ్బ తగిలినకొలది తఱుగు పట్టీ ప్రాణశక్తిని చూపెను. లెక్కింపబడునది గుణము కాక ప్రాణమయ్యెను. 1987లో క్యాప్‌కాం వారి 'స్ట్రీట్ ఫైటర్' మీటను ఒక క్రమమున త్రిప్పినగాని వెలువడని రహస్యప్రహారములను చేర్చెను. 1991లో దాని రెండవ భాగము ఎనమండుగురు యోధులలో ఒకరిని ఎన్నుకొను స్వేచ్ఛ నొసగెను.

ఇక మాటలు. ఆటలో చచ్చి బ్రతుకుట తెలుగువానికి క్రొత్తది కాదు. చెడుగుడులో పట్టుబడినవాడు 'చచ్చును'. తనవారు ఎదుటిపక్షమువానిని చంపినచో తిరిగి 'బ్రతుకును'. కావుననే యంత్రమునెదుట ఆటగాడు "లైఫు పోయింది", "చచ్చాను" అనుటకు తడుముకొనలేదు. ఇందు నామము ఆంగ్లము, క్రియ తెలుగు. ఈ విభాగము యంత్రముతో పుట్టినదియు కాదు. 'కుస్తీ' పారసీకమునుండి వచ్చిన పదము. 'పట్టు' తెలుగు క్రియ. "కుస్తీ పట్టినాడు" అనువాడు ఆ భేదమును తలపనే తలపడు. 'లైఫు పోవు' అనునది 'కుస్తీ పట్టు' నడచిన దారినే నడచినది. కనుక ఇట్టి మాటలను భాషాదోషములని త్రోసివేసి సంస్కృతసమాసములను కల్పించుటకంటె, ఉన్నవానిని ఉన్నట్లు నమోదు చేయుట శ్రేయస్కరము.

ఈ నమోదునకు ఆంధ్రదేశపు ఎల్లలు దాటవలెను. 1912లో ఉక్కు పోతపోసి, 1919లో జంషెడ్‌పూరు అను పేరు పొందిన నగరమునకు కార్మికులుగా వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికిని అచట నున్నది. సువర్ణరేఖా నదీతీరమందలి భుయ్యాడీహ్ ఆ నగరమున ఒక వాడ. 'డీహ్' అనగా ఊరున్న చోటు. హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ భాషలు వినవచ్చు నగరమున పెరిగిన తెలుగు బాలునకు ఇంటిభాష ఒకటి, వీధిభాష వేఱొకటి. అట్టివారిని అడుగవలసిన ప్రశ్న చిన్నది: ఆటలో ఓడినపుడు నోట వచ్చిన క్రియ 'చచ్చు'యా, 'మర్‌నా'యా? నామము పరభాషదైనను క్రియ నిలిచినచో ఆటలో తెలుగు నిలిచినట్లే. క్రియయు మాఱినచో, ఇంటిభాష వీధిగడపకడ ఆగినదని గ్రహింపవలెను.

నాడు ఆ యంత్రములకడ నిలిచిన బాలురు నేడు నడివయస్కులు. వారు ఆ యాటలాడుచు అన్న మాటలు ఏ గ్రంథమందును లేవు, వారి స్మృతియందే యున్నవి. లేఖనము లేని పదమునకు పలికినవాడే ప్రతి. ఆ ప్రతి యుండగనే దానిని వ్రాసికొనుట పరిశోధకుల విధి.